జీరో టికెట్

ఫారంలో ఒక గడి:
అవకలనం పూర్తి చేశారా?
అవును దగ్గర టిక్కు పెట్టాను.
పెన్ను పక్కనున్న ఫిర్దౌస్‌ది.
అబద్ధం మాత్రం పూర్తిగా నాదే.

నారాయణగూడ సందులో, బైండింగ్ షాపు పైన
ఆదివారం పొద్దున్నే ఏడింటికి సమాకలనం.
మెట్ల దాకా మైదాపిండి జిగురు వాసన.
సార్ బోర్డు మీద నిలువునా ఒక పామును గీసి
"మీకు తెలిసిందాన్నే వెనక్కి నడిపించడం, అంతే" అన్నాడు.
ముప్పై తలలు ఊగాయి.
ముప్పై ఒకటోది కూడా ఊగింది,
బస్సు ఊగితే ఊగినట్టు.

ఎప్పుడూ వెళ్ళని ఊరి నుంచి
తిరిగిరావడం నేర్పుతున్నారు నాకు.
ఘాతం ఒకటి పెరుగుతుంది,
పెరిగిందే కిందికి దిగి భాగిస్తుంది.
ఎందుకని అడగలేను.
అడిగితే టిక్కు దొరికిపోతుంది.

ప్రమేయం అంటాడు సార్.
నా ప్రమేయం లేకుండానే పేజీ తిరుగుతుంది.
అవధి అంటాడు.
అవధుల్లేని ఆకాశం అని తెలుగు వాచకంలో చదివానే తప్ప
అవధిని ఇలా ఒక బాణం గుర్తుకి కట్టేస్తారని తెలీదు.

నేను సీఈసీ.
మా లెక్కల్లో డెబిట్టూ క్రెడిట్టూ
రాత్రికి ఒకే అంకె మీద పడుకోవాలి.
ఇక్కడ అన్నీ అయిపోయాక
పిలవని చుట్టంలా చివర్లో ఒక సి వచ్చి కూర్చుంటుంది.
ఎవరిదది? ఏ ఖాతాలో రాయాలి?
నోట్సు అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను: సస్పెన్స్ ఖాతా.

మొదటి టెస్టులో ముప్పైకి రెండు.
ఏ జవాబు చివరా సి మర్చిపోనందుకు
సార్ జాలిపడ్డ రెండు.

అమ్మ బర్కత్‌పుర డిపోలో కండక్టర్.
రాత్రి పదిన్నరకి
ఉప్పేసిన వేడినీళ్ళలో పాదాలు పెట్టుకుని
కళ్ళు మూసుకుని ఉంటే అడిగాను.
హెచ్ సున్నాకి దగ్గరైతదట, సున్నా మాత్రం కాదట,
అదెట్ల?
అమ్మ కళ్ళు తెరవలేదు.
"మా జీరో టికెట్ లెక్కనే గద.
పైసలు లెవ్వు. అట్లని టికెట్టే లేదనుకుంటివా,
చెకింగోళ్ళు నా నౌకరి తింటరు.
యాడెక్కింది, యాడ దిగుతది, అన్నీ ఉంటయి దాని మీద.
జర ఆ తువ్వాల ఇటియ్యి."

తువ్వాలు ఇచ్చాను.
అమ్మ సంచిలో మిషన్ చింపి పారేసిన కాగితం ముక్క ఉంది,
మూరెడు పొడవు, వెనక అంతా తెలుపు.
దాని మీద ఒక బస్సును నడిపాను.
చిక్కడపల్లిలో ఒక స్టాపు, క్రాస్‌రోడ్స్‌లో ఒకటి.
ఈ రెంటినీ దగ్గరికి జరుపుతూ పోయాను.
సుధా హోటల్ దాకా, పండ్ల బండి దాకా,
బండి మీది ఒక్క జామకాయ దాకా.
స్టాపులు కలిసిపోలేదు.
కలిసిపోతే టికెట్టే లేదు.
కానీ ఆ జామకాయ దగ్గర
బస్సు ఎంత వేగంతో ఉందో
అంకె ఒకటి కాగితం మీద నిలబడింది.

ఎవరో చెబితే రాసుకున్నది కాదు.
ఒంటి గంట దాటినా లైటు ఆపలేదు.
అమ్మ రెండుసార్లు తిట్టింది.

ఇదేమీ గెలుపు కథ కాదు.
ఫిర్దౌస్ ఇచ్చిన పాత పుస్తకంలో సగం పేజీలు
ఇప్పటికీ నాకు గోడలే.
కొన్నిటికి కిటికీ ఉంది. తలుపు ఎటుందో తెలీదు.
టిక్కు ఆ ఫారంలోనే ఉంది,
ఫారం సార్ బీరువాలో.
ఆ బీరువా తెరిచినప్పుడల్లా
నా నోట్సు మీదికి నేనే వంగిపోతాను.

రెండో టెస్టు: ముప్పైకి తొమ్మిది.
నాలుగో లెక్క సరైందే, దారే సార్‌కి కొత్త.
మూడో మెట్టు చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి
పక్కన రాశాడు:
ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

బర్కత్‌పుర డిపో నుంచి
అని రాసిద్దామనుకున్నాను.