గేజీ రిజిస్టరు చివరి పేజీ

రాత్రి రెండింటికి
ఎడమకాలి బొటనవేలు నన్ను లేపింది.
తేలేమోనని టార్చి వేసి చూశాను.
తేలు లేదు.
వేలు మాత్రం పండుమిరపకాయలా నిగనిగలాడుతోంది.
దుప్పటి అంచు తగిలితే
దాని మీంచి ఇసుక లారీ పోయినట్టుంది.
మా ఆవిడ సుభాషిణి గుమ్మం దాటి వస్తుంటే
ఆ అడుగుల అదురుకే అరిచాను.

ముప్పయ్యేళ్ళుగా కాలవ మీద లస్కర్ని.
చక్రం తిప్పి తలుపులెత్తి
ఊళ్ళకి ఊళ్ళకే నీళ్ళు వదిలినవాణ్ణి.
తెల్లారి నా కాలికి నేను
చెప్పు తొడుక్కోలేకపోయాను.

వాతం అన్నాడు కిళ్ళీకొట్టు నూకయ్య.
కందిపప్పు మానెయ్యమన్నాడు, టమాటా మానెయ్యమన్నాడు,
వంకాయ, గోంగూర, చింతపండు...
చివరికి కంచంలో కంచమే మిగిలింది.
మా బావమరిది మాత్రం ఏం మాట్లాడలేదు.
ఆదివారం యానాం నుంచి మోసుకొచ్చిన బీరుసీసాలు,
రొయ్యల వేపుడు, మేక కార్జం
గుర్తొచ్చినట్టు నేలకేసి చూశాడు.

అమలాపురంలో డాక్టరమ్మ రక్తం తీయించి
"గౌటు" అంది.
కాలవలు తవ్వించిన దొరల్లో ఒకడి పేరులా ఉంది.
మందుల చీటీ వెనక బొమ్మ గీసింది.
ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువైతే,
మూత్రపిండాలు తోసెయ్యలేకపోతే,
అది కీళ్ళలో సూదులై పేరుకుంటుందట,
చల్లగా ఉండే చివర్లలో ముందుగా.
"అర్థమైందా?"
"ఆయ్. శివారు కాలవలో మేటండి."
నవ్వి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా?" అంది.

నాన్న మోచేతి మీద గట్టి గడ్డ ఉండేది.
లోపల గోళీకాయ ఉందనుకుని నొక్కేవాణ్ణి.
ఆయన పళ్ళు బిగించి
నా జుట్టు నిమిరేవాడు.
ఆ బొమ్మ చూసేదాకా
నేనేం నొక్కానో నాకు తెలీదు.

తొమ్మిది రోజులకి నొప్పి పోయింది.
మాత్రలూ పోయాయి, అలమర పైఅరలోకి.
శ్రావణంలో వరద కబురొచ్చిన రాత్రి
రెండోసారి పొడిచింది, ఈసారి మడమ పక్కన.
తలుపులు దించాల్సినవాణ్ణి మంచం మీద ఉంటే
మొన్న చేరిన కుర్రాడు ఏసుబాబు
ఒక్కడే వానలో చక్రం తిప్పాడు.
కిర్రుకిర్రుమనే ఆ చప్పుడు
గోడ ఇవతల పళ్ళు లెక్కపెట్టుకుంటూ విన్నాను.

డాక్టరమ్మ తిట్టలేదు. నా భాష నేర్చేసుకుంది.
"నొప్పికి మాత్ర వేరు, మేటకి మాత్ర వేరు.
రెండోది రోజూ. నొప్పి లేకపోయినా రోజూ.
మొదట్లో ఒకటి రెండుసార్లు మళ్ళీ పొడవచ్చు,
పూడిక కదిపితే నీళ్ళు బురదెక్కవా?
లెవెలు ఆరు దాటనివ్వకండి."

ఏటా వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీస్తాం.
నీళ్ళు పారుతున్నాయిగా, ఈ ఏడు వద్దులే
అన్న రైతుల్తో ఎంత వాదించానో!
అంత వాదన చేసిన నోటితో
మాత్ర మింగడం మర్చిపోయాను.

బీరు మానేశాను. బావమరిది ఒంటరివాడయ్యాడు.
పప్పూ టమాటా తిరిగి కంచంలోకొచ్చాయి.
కార్తీకంలో చీరమేను దిగింది.
గోదావరి జల్లెడ పట్టినట్టు
నూకల్లాంటి చేపలు.
సుభాషిణి ఒక్క చెంచా వడ్డించి
పక్కన చెంబెడు నీళ్ళు పెట్టింది.
రెండో చెంచా అడగలేదు నేను.
అడిగాను. పెట్టలేదు.

రోజూ పొద్దున్నే గేజీ చూసి రిజిస్టరులో రాస్తాను.
అదే పుస్తకం చివరి పేజీలో
మూడు నెలలకోసారి ఇంకో అంకె.
తొమ్మిది పాయింటు నాలుగు.
ఎనిమిది పాయింటు ఒకటి.
ఆరు పాయింటు ఎనిమిది.
ఐదు పాయింటు ఏడు.

తనిఖీకొచ్చిన ఇంజనీరుగారు పేజీలు తిప్పుతూ
అక్కడ ఆగారు.
"ఏ కాలవదయ్యా ఈ లెవెలు?
ఇంతలా తగ్గిపోతుంటే రిపోర్టు చెయ్యవేం?"

కుడికాలు ఎడమకాలు రెండూ ఆనించి
నిటారుగా నిలబడ్డాను.
"నాదేనండి" అన్నాను.