ఓదెలు వేలు

రాత్రి షిఫ్టు దిగి
బాయి మీద మొహం కడుక్కుంటే
ముందుగాల నీళ్లు నల్లగ పోతయి,
తర్వాత గూడ కొంచెం నల్లగనే పోతయి.
పండేటోళ్లు ఇండ్లకు పోతరు.
నేను, ఓదెలు
ఎక్సెల్ బండికి రెండు వెదురు గడలు కట్టుకొని
గణపసముద్రం కట్ట ఎక్కుతం.

ఒక డబ్బాల తడి మట్టి, ఎర్రలు.
ఇంకో డబ్బాల పూరీలు.
ఒకసారి మూతలు మారినయి,
ఆ ముచ్చట ఇప్పుడొద్దు.

ఓదెలుకు చెవులు వోయినయి.
ఇరువై రెండేండ్లు డ్రిల్లు మోత మోసిన చెవులు,
పెండ్లి బ్యాండైనా బుడుబుంగైనా
వాటికి ఒక్కతీరే.
అన్‌ఫిట్ రాస్తరని ఆఫీసుల చెప్పలేదు.
మేమూ చెప్పలేదు.

నా గాలానికి నెమలీక కాడ బెండు.
అది నీళ్ల మీద నిలవడితే
నా పానం పోయి దాని కొసన కూసుంటది.
ఆయనకు బెండు లేదు.
దారాన్ని చూపుడు వేలు మీదికి తీసుకొని
కండ్లు మూసుకుంటడు.
"పరక. పిల్లది."
"ఇది జెల్ల, పైలం, ముల్లు దిగుతది."
"ఇది చేప గాదు, తుంగ."
ఎన్నడూ తప్పలేదంటే అబద్ధం.
మొన్న తాబేలును వాలుగ అని
పొద్దెక్కిందాక దానితోటి కొట్లాడిండు.

ఈ ఏడు ముసురు వారం దినాలు పట్టింది.
చెరువు నిండి మత్తడి దుంకింది.
ఊరు ఊరంత అక్కడనే,
దోమతెరలు, పాత చీరలు, యూరియా బస్తాలు,
ఒకాయన గొడుగు బోర్లేసి నడుం లోతుల నిలవడ్డడు.
దుంకే నీళ్లకు ఎదురు చేపలు ఎగురుతున్నయి.
రాయికి తాకి పడ్డది పడ్డట్టే
మళ్ల తోక కొట్టి లేస్తున్నయి.
ఓదెలు భుజం తట్టి అటు చూపెట్టిన.
తల అడ్డం తిప్పిండు.
"ఎదురెక్కే చేప
ఆకలి మర్చిపోతది.
దానికి ఎర ఎందుకు?
అది మన పని గాదు."

తూముకు ఇవతల, ఆకులు కమ్మిన మూలకు పోయినం.
నీళ్లు కదుల్తలేవు.
నేను రెండు సార్లు తూగిన.

అప్పుడు ఆ వేలు బిగిసింది.
గోరు కింద
ఎంత రుద్దినా పోని బొగ్గు గీత.
"కొర్రమట్ట," అన్నడు మెల్లగ.
నా లోపల తరాజు లేచింది.
కిలోకు ఎంత, రెండు కిలోలకు ఎంత,
బండి కిస్తు ఎంత.

ఆయన గుంజలేదు.
దారం వదులు వెట్టిండు. మళ్ల చూసిండు వేలుతోటి.
"తినుడు గాదిది.
కొట్టుడు."

వంగి చూస్తే, ఆకుల నడుమ
కారప్పొడి చల్లినట్టు ఎర్రగ నీళ్లు.
అన్నీ పిల్లలే, గింజంత గింజంత,
ఒక్క గుంపుగ ఉడుకుతున్నయి.
వాటి కింద ఒక నల్లటి వీపు
మా ఎర్ర చుట్టూ తిరుగుతున్నది.
దానికి ఆకలి లేదు. డ్యూటీల ఉన్నది.

గాలం ఎత్తిండు.
ఎర్ర ఇంక మెలికెలు తిరుగుతనే ఉంది.
"జాగ మారుదాం పా."

నాకు మస్తు కోపమొచ్చింది.
ఎట్లాగూ వినరాదు గదా అని
తిట్టాల్సినంత తిట్టిన.
ఆయన నా పెదవులను అక్షరం అక్షరం చూసి
నవ్వి, పూరీ ఇచ్చిండు.

పగటాళ్లకు నాలుగు పరకలు, ఒక జెల్ల.
మత్తడి కాడి నుంచి బస్తాలు ఆటోల్లో పోతున్నయి.
మా శంకరవ్వ సంచి విప్పి చూసి
అనాల్సింది అన్నది.

రాత్రి మళ్ల బాయిల దిగినం.
పని కాడికి పోయే ముందు
కప్పును కడ్డీతోటి కొట్టి చెవి పెడ్తరు అందరు,
గట్టి సప్పుడా, బోలు సప్పుడా అని.
ఓదెలు కడ్డీ ముట్టలే.
దిమ్మెకు చూపుడు వేలు ఆనిచ్చి
కండ్లు మూసుకున్నడు.
నా టోపీ లైటు ఆ బొగ్గు గీత మీద ఆగింది.
మేమందరం ఊపిరి వట్టుకొని ఉన్నం,
మా మీద ఎన్ని వందల మీటర్ల మన్నో,
ఆ మన్ను మీద ఎక్కడో
చీకట్ల మేలుకొని తిరిగే ఒక వీపు.

"ఇంక కొరుకుతలేదు," అన్నడు.
"నడువుండ్రి."