అతుకు

రుస్తావిలో మళ్ళీ మంచు.
త్సోత్నే పాత సుబారు మళ్ళీ నా షెడ్డు ముందు,
అదే పసుపు దీపంతో.
ఇది మూడో ఆక్సిజన్ సెన్సర్.
మొదటిది చవకది, తప్పు దానిదన్నాం.
రెండోదానికి వైరుదన్నాం.
వైరు మార్చాక ఇక మిగిలింది త్సోత్నే కుడికాలు,
దాన్నీ అన్నాం.

"గాలెక్కువ, పెట్రోలు తక్కువ"
సాక్షిని మార్చినా మారని సాక్ష్యం.
కంప్యూటరు అది నమ్మి పెట్రోలు కుమ్మరిస్తోంది,
ప్లగ్గులు విప్పితే కాటుకంత మసి.

వేడెక్కితే దీపం ఆరిపోతుంది.
నా దాకా వచ్చేసరికి బండెప్పుడూ వేడిగానే ఉంటుంది,
డాక్టరు గుమ్మంలో తగ్గిపోయే పంటినొప్పి.

ఈసారి రాత్రికి ఇక్కడే వదిలెయ్యమన్నాను.
తెల్లారి, ఇనుమింకా చలికి బిగుసుకునుండగానే
స్టార్ట్ చేసి, సైలెన్సర్ నోట్లో తడిగుడ్డ కుక్కి,
కిందికి దూరి
గిన్నెలు తోమే సబ్బునీళ్ళు చల్లుకుంటూ పోయాను.
గ్యాస్కెట్ దగ్గర లేదు.
బోల్టుల దగ్గర లేదు.
సెన్సర్‌కి జానెడు ముందు, పైపు వీపున,
చిన్నద్దం పెట్టి చూస్తే
ఒక బుడగ.
పగిలింది. ఇంకొకటి.

ఆ అతుకు నాదే.
కిందటి వేసవిలో లావు పైపు కావాలని వాడు,
బటూమి రైలు తప్పిపోతుందని నేను;
చెయ్యి తిరగని చోట
కంటితో కాక అంచనాతో వేశాను.
వెంట్రుకంత సందు.
వేడికి మూసుకుంటుంది, చలికి గాలి పీలుస్తుంది.

తొమ్మిదింటికి త్సోత్నే వచ్చాడు, చంకలో వేడి రొట్టెతో.
"ఎంతవుతుంది?" అన్నాడు.
గ్రైండరు ఆపి
పాత సెన్సర్లు రెండూ వాడి చేతిలో పెట్టాను.
"ఇవి బాగానే ఉన్నాయి."