కాటా గది

సెప్టెంబరు చివర్లో మా ఊరి వాసన మారుతుంది.
డీజిలు, టైరు కింద నలిగిన ఆపిలు,
గాలి తిరిగితే ప్రెస్పా సరస్సు బురద.

నేను కాటా దగ్గర కూర్చుంటాను.
పద్దెనిమిదేళ్ళుగా అదే కుర్చీ,
పొట్టి కాలి కింద అదే మడిచిన అట్టముక్క.
కిటికీలో సగం ట్రాక్టర్ల వరస,
సగం నీళ్ళు.
అంటే, నీళ్ళు ఉండే చోటు.

స్పాసె బండిని పలక మీదికి ఎక్కిస్తాడు.
దిగు, అంటాను.
నా బరువుకీ డబ్బిప్పించు లోజాంకా, అంటాడు,
ఏటా ఇదే మాట.
మూడువేల రెండువందల నలభై.
చీటీ మడిచి టోపీలో పెట్టుకుంటాడు. ధర అడగడు.
మా ఊళ్ళో కాయ ముందు వెళ్తుంది,
ధర నెమ్మదిగా వెనక నడిచొస్తుంది.
పోయినేడు రానేలేదు.
సెఫెర్ నాలుగు బళ్ళ కాయ తెచ్చి
పాత రేవు పక్కన కుమ్మరించాడు.
పులిసిన కాయ తిని ఆవులు తూలుతుంటే
పిల్లలు నవ్వారు,
సెఫెర్ కూడా నవ్వాడు,
తర్వాత ఆవుల్ని ఒక్కొక్కటే ఇంటికి తోలుకెళ్ళాడు.

ఆ రేవు చెక్కల మీంచి దూకి
నేను ఈత నేర్చుకున్నాను.
ఇప్పుడు వాటి కింద మేకలు పడుకుంటాయి.

నౌమె తాత రోజూ తెల్లారకముందే
గీతలు చెక్కిన కర్ర పట్టుకుని బయల్దేరేవాడు,
మునిగిన పడవ ముక్కు దగ్గర దించి లోతు చూసేవాడు.
ఎవరూ అడగలేదు. ఎవరూ జీతమివ్వలేదు.
కొత్తగా పెళ్ళయినప్పుడు గుమ్మం నుంచి నీళ్ళకి
నలభై అడుగులట.
ఈ వేసవికి లెక్క మానేశాడు,
దారిలో రెండుసార్లు కూర్చునేవాడు.
నోటుబుక్కులో లోతు పక్కన ఇంకేవో ఉంటాయి:
గూడబాతులు ఇరవై ఒకటి.
గాలి గ్రీసు వైపు నుంచి.
దోస్తాకి దగ్గు తగ్గలేదు.
ఒక పేజీలో,
ఈ రోజు కర్ర మర్చిపోయి వచ్చాను. నీళ్ళున్నాయి.

ఆగస్టులో మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు.
బితోలా ఆసుపత్రి నుంచి కబురు:
ఊళ్ళో తూకం తెలిసినదానివి నువ్వొక్కదానివే.
కర్ర తలుపు వెనక ఉంది.

అలా నాకు రెండో ఉద్యోగం వచ్చింది.
మా ఆయన రబ్బరు బూట్లు, రెండు సైజులు పెద్దవి.
రెల్లు తొలగించుకుంటూ వెళ్తుంటే
ఒడ్డు పొడుగునా పంపుల గురక,
ఒక్కో గొట్టం ఒక్కో తోటకి.
మా గొట్టమూ ఉంది. నీలం రంగుది.
దాన్ని దాటేటప్పుడు చూపు తిప్పుకుంటాను,
అప్పున్న కొట్టు ముందు నుంచి వెళ్తున్నట్టు.

పగలు మళ్ళీ కాటా.
బండి తర్వాత బండి.
కొరికితే గడ్డం మీదికి కారే ఆ రసం
ఎక్కడ తోడిందో తెలిసినదాన్ని,
కిలోల్లో రాసుకుంటూ కూర్చుంటాను.
లారీ దిగిపోయాక ముల్లు వణికి, సున్నా దగ్గర ఆగుతుంది.
సరస్సుకి అలాంటి ముల్లు లేదు.

రాత్రి ఎనిమిదింటికి ఆయన ఫోను.
హలో ఉండదు.
ఎంత?

మొదటివారం ఉన్నదున్నట్టు చెప్పాను.
నిన్న గొంతు మరీ సన్నగా వినిపించింది.
పద్దెనిమిదేళ్ళలో సొంత తమ్ముడికి కూడా
అరకిలో కలపని మనిషిని,
తొమ్మిదికి రెండు కలిపి
పదకొండు గీతలు, అన్నాను.

అవతల చాలాసేపు మంచం కిర్రుమంది.

వాన పడిందా?

లేదు.

మరి కాటా మీద ఎవరు కాలు పెట్టారు?

ఏం చెప్పను. రిసీవరు చెవి మార్చుకున్నాను.

సరే, అన్నాడు. కొట్టేసి తొమ్మిదే రాయి.
పక్షులు?

పద్నాలుగు.

గాలి?

కిటికీ తెరిచి, చెయ్యి బయటపెట్టి చూశాను.