తొంభై నాలుగు

బిల్లులో వెయ్యి.
తెర మీద తొంభై నాలుగు.
మూడు రాత్రులుగా అదే అంకె,
తొంభై మూడు కాదు, తొంభై అయిదు కాదు,
ఎవరో సుద్దముక్కతో గీత గీసి
ఇక్కడి దాకే అన్నట్టు.

లాసన్స్ బే, మూడో అంతస్తు.
పూర్ణా మార్కెట్‌లో మూసేసిన మావయ్య స్టూడియో నెగిటివ్‌లు
పదహారు ట్రంకు పెట్టెలు నా మంచం కింద, పక్కన, పైన.
ఒక్కొక్కటీ స్కాన్ చేసి
హాల్లో ఉన్న నల్ల డబ్బాలోకి పంపాలి.
"ఇంకా పదకొండు గంటలు" అంటుంది తెర.
పడగ్గదిలోంచి హాల్లోకి పదకొండు గంటలు!
ఈలోగా రైలెక్కితే సికింద్రాబాద్ పొలిమేర కనిపిస్తుంది.

ఫోన్‌లో అమ్మాయి ఆపి, మళ్ళీ ఆన్ చేయమంది.
చేశాను.
ఇంకోసారి చేయమంది.
మర్యాదగా అడిగింది కదా అని ఇంకోసారి చేశాను.
కంప్యూటర్‌ని తిట్టాను, డబ్బాని తిట్టాను,
కింద ఫ్లాటు కోదండపాణి గారి మనవడి ఆటల్ని అనుమానించాను,
నా తీగకీ వాడికీ ఏ చుట్టరికమూ లేదని తెలిసి కూడా.

అప్పుడు చీకటిగదిలో మావయ్య గొంతు గుర్తొచ్చింది:
మందు మారిస్తే కాగితం మార్చకు.
రెండూ ఒకేసారి మారిస్తే
తప్పు ఎవరిదో దేవుడికీ తెలీదు.

పొట్టి తీగ మార్చాను. తొంభై నాలుగు.
పాతది పెట్టేసి, రంధ్రం మార్చాను. తొంభై నాలుగు.
కంప్యూటర్‌ని చంటిబిడ్డలా ఎత్తుకుని హాల్లోకి నడిచి
రౌటర్ పక్కనే కూర్చోబెట్టి కలిపాను.
తొమ్మిది వందల నలభై.
అంటే దొంగ
గోడలో ఉన్నాడు.

అప్పుడు చూశాను దీపాన్ని.
తీగ దూరే చోట ఆవగింజంత వెలుగు,
ఆకుపచ్చగా ఉండాలట.
ఎనిమిది నెలలుగా నారింజ రంగులో మిణుకుతోంది.
అందంగా ఉందనుకున్నాను.

జాలారిపేట నుంచి గరికిన పోలిరాజు వచ్చాడు,
హెల్మెట్ తీయకుండానే బాల్కనీలోకి నడిచాడు,
సముద్రానికి ఎదురుగా ఉన్న తెల్ల పెట్టె మూత ఊడదీశాడు.
టెస్టర్‌లో దీపాలు వరసగా:
ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు,
ఖాళీ,
ఎనిమిది.

"నాలుగు తీగలుంటే సాలు మేడమ్, వంద నడిచిపోద్ది.
వెయ్యి కావాలంటే ఎనిమిదీ ఉండాల.
ఏడోది తెగినాది.
లైను సచ్చిపోనేదు, సద్దుకుపోనాది."

సర్దుకుపోవడం.
ఇన్నాళ్ళూ ఆ మాటని
మనుషుల మీద మెప్పుగానే విన్నాను.

కత్తిరించిన ముక్క నా అరచేతిలో పెట్టాడు.
రాగి మొన మీద చిలుము, బొట్టుబిళ్ళలో సగం.
తను కూడా ఒక ముక్క నాలిక చివర తగిలించుకుని
"ఉప్పు" అన్నాడు, కూర రుచి చూసినట్టు.

తరవాత గోటితో మెలికలు విప్పుతూ, ఎక్కం అప్పగించినట్టు
తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం,
తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ.
కొనలన్నీ ఒకే ఎత్తుకి కోసి
కొత్త టోపీలోకి దూర్చి
టక్.

లోపల దీపం రంగు మారింది.
తొమ్మిది వందల నలభై ఒకటి.
"ఇంకా గంటా ఆరు నిమిషాలు" అంది తెర.

నిన్నటిదాకా వాళ్ళు ఒక్కొక్కరే వచ్చేవారు,
కనురెప్ప పడిపోయిన పెళ్ళికొడుకు,
పాస్‌పోర్టు ఫోటో కోసం అరువు కోటు వేసుకున్న నావికుడు,
ఎవరి ఒళ్ళోనో ఏడుస్తున్న ఎవరి పిల్లో.
టీ తాగేలోపు నలుగురితో పరిచయం.
ఇవాళ బస్సు కిటికీలోంచి చూసినట్టు పోతున్నారు,
ఒక్క ముఖమూ కంటికి ఆనలేదు.
అలాగని నెమ్మదే బాగుందని అనను.
డబ్బులు కట్టింది వెయ్యికి.

పోలిరాజు పెట్టెకి స్వీటుషాపు కవరు తొడిగి పురికొసతో బిగించాడు,
గోడ మీద పెన్సిల్‌తో తన నంబరు రాశాడు.
"ఏడాది తిరక్కుండా మళ్ళీ పిలుత్తారు" అని
మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా గ్రిల్ పట్టుకు చూశాను.
చెయ్యి తీస్తే
జిడ్డుగా అంటుకుంది.