పులుపు

ఉద్దానంలో పిక్కకే ధర.
పిక్క మెలితిప్పి తీసుకుని
జీడిపండుని చెట్టు కిందే ఒగ్గేస్తాం.
మే నెలంతా తోటలో ఈగలు,
కల్లు కాని కల్లు వాసన.

ఈ ఏడు మా మరిది డిల్లేసు
గొయ్యి తవ్వి గుమ్మటం కట్టాడు.
తట్టలకి తట్టలు నలగ్గొట్టి పోశాం.
పది రోజులు. పదిహేను.
గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీస్తే
పుల్లే కాలింది,
తర్వాత నా వేలు.

అత్త దాలమ్మ గుమ్మటానికి చెవి ఆనించింది,
మంత్రసానిలా.
"పులుపెక్కిపోనాది ఒలమ్మా!
పండొక్కటే మేపితే దాని కడుపు మాత్రం ఊరుకుంతాదేటి?
సున్నపుతేట పొయ్యండి. పేడ కలపండి.
మరి కెలక్కండి."

ముప్పయ్యేళ్లు జీడి కార్ఖానాలో
సొన తినేసిన వేళ్లు ఆవిడవి.
గీతల్లేవు.
రేషన్ మిషన్ మీద ఎన్నిసార్లు నొక్కినా
ఎవరో కాదంటుంది.

ఆ వేళ్లతోనే
నిన్న తెల్లారగట్ల మర తిప్పింది.
బుస్సుమని, ఆగి,
నీలంగా అంటుకుంది.
చోడి అంబలి కుతకుతలాడింది.

అలవాటుగా కొంగు కళ్లమీదికి తెచ్చుకుని
అలాగే నిలబడిపోయింది.
"పొగేదే?" అంది.

బయట డిల్లేసు సైకిలుకి ఖాళీ తట్టలు కడుతున్నాడు,
పక్క తోటోళ్లని పండ్లడగడానికి.
నిరుడు ఆ వాసన మీదే
వాళ్లతో తగువు.