ఎనభై ఏడు

ఎల్ ఆల్టోలో, మబ్బుల పొరుగున ఉన్న బడిలో
గాజు కడిగే పని నాది.
ఇద్దరి కాలంలో కడిగాను.

అలనోకా సారు హయాంలో
జవాబు ముందే నల్లబల్ల మీదికి వచ్చేది,
ప్రయోగం దాని వెనకాల తోక ఊపుకుంటూ వచ్చేది.
"నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగును."
స్పిరిటు దీపాలు వెలిగేవి,
నలభై రికార్డు పుస్తకాల్లో నూరు మరిగేది.
థర్మామీటరులో పాదరసం మాత్రం
ఎనభై ఏడు దగ్గర మొండికేసి కూర్చునేది.
దాన్ని ఎవరూ అడిగేవారు కాదు.

అన్యాయంగా మాట్లాడకూడదు.
గొట్టం అడుగుకు తగలకుండా పట్టుకోవడం,
కన్ను గీతకు సమంగా వంచడం
ఆయన వేళ్ళ మీద కొట్టి నేర్పినవే.
ఆయన ల్యాబులో బీకరు పగిలింది లేదు.

ఇప్పుడు దియోనీసియా తార్కీ టీచరు.
బల్ల ఖాళీ. సుద్దముక్క జేబులో.
"నీళ్ళు ఎప్పుడు మరుగుతాయో మీరే చెప్పండి" అనేసి
కిటికీలోంచి ఇల్లిమానీ మంచును చూస్తుంది.
ఒకటే గోల. వారానికి మూడు బీకర్లు.
తొంభై ఒకటి, ఎనభై నాలుగు, ఒకడికి అరవై!
నాకెందుకులే అనుకుంటూనే
"అడుగుకు తగలనివ్వకు, కన్ను దించు" అన్నాను.
అలనోకా సారు గొంతు నా నోట్లోంచి వచ్చింది.
బల్లలన్నీ మెల్లగా ఎనభై ఏడుకు చేరాయి.

"పుస్తకంలో నూరుంది. థర్మామీటర్లు చెడిపోయాయా టీచర్?"
"అన్నీ ఒకేలా చెడిపోతాయా?"
మరిగే నీళ్ళు తప్ప ఎవరూ మాట్లాడలేదు.
చివరి బల్ల నుంచి సెవెరీనా, చారు అమ్మే ఆవిడ కూతురు:
"అమ్మ కింద యుంగాస్ లోయకి వెళితే
గింజలు తొందరగా ఉడుకుతాయంటుంది.
ఇక్కడ నీళ్ళకి అంత కోపం రాదేమో?"
"రేపు గింజలు పట్టుకురా."

గాలి బరువు దాకా రావడానికి
వాళ్ళకి మూడు వారాలు పట్టింది.
అలనోకా సారైతే మూడు వాక్యాల్లో చెప్పేవాడు.
మేం మూడు రోజుల్లో మరిచిపోయేవాళ్ళం.

మేం అన్నాను కదా.
బీరువా వెనక ఒక పాత రికార్డు ఉంది.
ఎనభై ఏడు మీద ఎర్రసిరా గీత,
పక్కన నూరు, కింద సగం మార్కు.
అట్ట మీద పేరు నాది.
నిన్న ఆ నూరు పక్కన పెన్సిలుతో
'సముద్రపు ఒడ్డున' అని రాశాను,
సముద్రమే లేని ఈ దేశంలో కూర్చుని.
తర్వాత, మాడిన గింజల గిన్నెలో
నీళ్ళు పోసి నానబెట్టి
ల్యాబుకి తాళం వేశాను.